డీలో ఎవరున్నారు

మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందో శివప్రసాద్ సార్ చెప్పనేలేదు, సాలూరులో కంప్యూటర్లు బాగుచేసుకునే మనిషికి అరకు వేసవి ఉరుముల సంగతి ఏం తెలుస్తుంది, కిటికీ అవతల గాలికొండ మీదికి మబ్బు నల్లగా దిగుతోంది, ట్యూబులైటు ఒకసారి ఆరి వెలిగింది, కృపావతి చూపుడు వేలు వై అక్షరం మీద ఆగిపోయి ఉంది, ఎదురుగా నల్లటి తెర, డీ డ్రైవులో ఉన్నదంతా పోతుంది, ఫార్మాట్ చేయమంటావా, వై కొడితే సరే, ఎన్ కొడితే వద్దు, అంత పెద్ద మాట అడిగి ఒక్క అక్షరంలో జవాబు చెప్పమంటే ఎలా, పాటలు కూడా డీలోనే ఉండేవి కదా.

ఉండేవి, ఇప్పుడుండవు, సార్ ఫోన్లో చెప్పాడు, కొత్త డిస్కు పెడితే డ్రైవుల అక్షరాలు జరుగుతాయమ్మా, కొత్తది డీలోకి వత్తాది, నీ పాటలు దాని తరవాత ఈలోకి ఎల్తాయి, ఏటి నీ భయం, డీ కొట్టీ, అయిపోద్ది, అంటుండగానే లైను తెగింది, మళ్ళీ కలవడం లేదు, ఆఫీసులో అందరూ శుక్రవారం సంతకి వెళ్ళారు, ఎవరినడగాలి, ఊరూరూ తిరిగి ముసలివాళ్ళ పాటలు పట్టమంది సంస్థ, పట్టింది, కంప్యూటరులోకి ఎక్కించింది, ఎక్కించగానే అదే క్యాసెట్టు మీద ఇంకో ఊరి పాటలు పట్టింది, కొత్త క్యాసెట్లు ఎక్కడివి, ఇక మిగిలింది ఈ డబ్బాలోనే, ఇంకో కాపీ ఉండాలనే కదా ఈ రెండో డిస్కు తెప్పించింది, ఆ పాటల్లో అమ్మ ఉంది, సోములమ్మ, సామ చేలో కలుపు పాట, మధ్యలో దగ్గు, దగ్గాక, ఏటే గుంటా, అది తిరుగుతందా, ఉత్తినే పాడింసేత్తన్నావా, అని నవ్వు, ఆ నెలలోనే జ్వరం తలకెక్కి అమ్మ పోయింది, ఒక్క ఫొటో కూడా లేదు.

ఇందాక అంతా సరిగ్గానే చేసిందా, కొత్త డిస్కులో భాగం చేస్తుంటే ఆ పనికున్న ప్రోగ్రాం ఎఫ్‌డిస్క్ అడిగింది, ప్రైమరీనా ఎక్స్‌టెండెడా అని, సార్ ప్రైమరీ, అంటే ముందుండే ముఖ్య భాగం, అనే అన్నాడు, కానీ పాత డిస్కులో ప్రైమరీ ఒకటి ఉంది కదా, ఊరికి నాయుడు ఒక్కడే, ఇద్దరు పెద్దలని కూర్చోబెడితే ఆ ఊరు నిలుస్తుందా, సార్ తొందరలో అనేసి ఉంటాడని తనే సర్దుకుని వెనకుండే ఎక్స్‌టెండెడ్ కొట్టింది, అప్పుడు అది తెలివే అనిపించింది, ఇప్పుడో, ఆ సర్దుబాటుకీ ఈ అక్షరాలకీ ఏమైనా లంకె ఉందా, ఉరుము, యూపీఎస్ కీచుమంది, కొట్టీ బేగి, బేగి, ఆరిపోతే మళ్ళీ మొదటికి, నిప్పు పెట్టేయడమే కదా, నిప్పు.

నరికి ఎండబెట్టిన పోడుకి నిప్పు పెట్టేముందు అమ్మ నాన్నని ఆగమనేది, చుట్టూ తిరుగుతూ, లోపలున్నోల్లు బయటికొచ్చీండి, నిప్పెడతన్నాం, అని కేకేసేది, కుందేలుకీ పాముకీ పిట్టకీ, పేరు తెలియని పెద్దలకీ, పాస్టరు గారు వద్దన్నా మానలేదు, లోపల ఎవులూ లేరు కదే అమ్మా అంటే, ఉన్నోల్లు మనకి అవుపడతారేటి, పిలిత్తే కదా తెలుత్తాది, అనేది, వేలు వై మీంచి లేచింది, ఎన్ కొట్టింది, లోపలున్నవాటి పేర్లు చూపమనే డిఐఆర్ అని, పక్కన డీ అని కొట్టింది, పోడు చుట్టూ తిరిగినట్టే, లోపల ఎవరైనా ఉన్నారా అని.

ఉన్నారు, పేర్లు ఒకదాని కింద ఒకటి దిగాయి, ఆ నల్లతెర పొడుగు పేర్లని సగానికి తెంపేస్తుంది, సోముల వరకే ఉంది, చాలు, అది అమ్మే, అక్షరాలు జరగనే లేదు, తను ప్రైమరీ వద్దనేసరికి కొత్తది వెనక ఈలోకి పోయి కూర్చుంది, పాటలు డీలోనే ఉండిపోయాయి, వై కొట్టి ఉంటే, కుర్చీలో వెనక్కి వాలింది, ఏడుపొచ్చింది, ఎవరూ లేరు కదా, ఏడ్చింది, బయట వాన మొదలైంది, కరెంటు పోయింది, పోతే పోనీ, అమ్మ ఎంత ధైర్యం గల మనిషో అనుకుంది ఇన్నాళ్ళూ, అంత మంట ముందు నిలబడి కేకలేసేదని, కాదు, అమ్మకీ ఇదే భయం, భయం వేసే పిలిచేది.