ఐదు మెట్లు

మా తొమ్మిది కుటుంబాలకు వంటిల్లు ఒకటే, భోజనాల హాలూ ఒకటే. హాలుకు ఐదు మెట్లు. ఏ పని చేయాలన్నా ఎవరి నోటితో వాళ్లు "సరే" అనాలి. ఒక్కరు అనకపోయినా పని ఆగిపోతుంది. ఈ రూలు పెట్టింది మా ఆయనే. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి, ఒక్క ప్రయాణికుణ్ణైనా వదిలేసి బండి కదిలించేవారు కారు.

పక్షవాతం వచ్చి ఆయన చక్రాల కుర్చీలో పడ్డాక, మెట్ల పక్కన ర్యాంపు కట్టాలని నేను అడిగాను. అందరూ సరే అన్నారు, మేస్త్రిగారి భార్య తప్ప. ర్యాంపు కట్టాలంటే అక్కడున్న అరుగు కొట్టేయాలి. పోయిన మేస్త్రిగారు కట్టిన చివరి అరుగు అది.

"ఆయన చేత్తో కట్టింది. నా నోట సరే రాదమ్మా," అంది. ఆవిడను అందరం అక్కా అంటాం. ఆ రోజు నుంచి నేను అలా పిలవడం మానేశాను.

మా ఆయన కోసం మూడు మీటింగులు కింద మా గదిలోనే పెట్టారు. ఆవిడను నిలదీద్దామంటే ఆయనే అడ్డుపడ్డారు.

"బలవంతంగా అనిపిస్తే అది సరే ఎలా అవుతుందే?"

పోనీ నలుగురు ఎత్తి తీసుకెళ్తామంటే, "నేనేమన్నా బియ్యం బస్తానా?" అని కసిరారు.

పద్నాలుగు నెలలు గదిలోనే తిన్నారు. పైన హాల్లో ఎవరైనా పగలబడి నవ్వితే ముద్ద చేతిలోనే పట్టుకుని, "ఏమైందంట?" అనేవారు. నేను కనుక్కుని వచ్చేసరికి అన్నం చల్లారిపోయేది.

అందరితో కలిసి ఒక్క పూట తినాలన్న కోరిక తీరకుండానే ఆయన పోయారు. మీటింగులు కింద పెట్టుకున్నవాళ్లం, కంచాలు దించుకుని ఆయన చుట్టూ కూర్చోవచ్చని ఒక్కరికీ తట్టలేదు. అక్క సరే కోసం చూస్తూ కూర్చున్నాం. నాకూ తట్టలేదు. అదే నన్ను తినేస్తోంది.

ఈ సాయంత్రం ర్యాంపు మాట మళ్లీ వచ్చింది. ఈసారి అడిగింది అక్కే. మోకాళ్లు అరిగి, నెల రోజులుగా ఆవిడా గదిలోనే తింటోంది. అందరూ సరే అన్నారు. నా వంతు వచ్చింది.

"నీ నోట సరే రాదని తెలుసమ్మా," అంది అక్క తల దించుకుని.

సరే అనకూడదనే వచ్చాను. ఆ బాధేంటో ఆవిడకూ తెలిసిరావాలనుకున్నాను. కానీ అరుగు కొట్టేయమని ఇందాక ఆవిడే తన నోటితో అన్నాక నా కోపం నిలవలేదు.

"సరే అక్కా," అన్నాను. "ర్యాంపు సంగతి తర్వాత. ఈ పూట అందరం నీ గదిలోనే తిందాం."

ఆ మాటకు ఎవరి సరే కోసమూ ఆగకుండా పైకెళ్లాను. కంచాలు తెచ్చి పరిచాక చూస్తే ఒకటి ఎక్కువైంది. అలవాటు కొద్దీ మా ఆయనదీ తెచ్చాను.