ముప్పై ఆరో నంబరు కోటు

మా తోడికోడలు ఈ ఇంట్లో అడుగుపెట్టకముందు మా లాండ్రీలో బట్టలు వెతికి ఇవ్వగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. గొప్పలు పోతున్నానని అనుకుంటే అనుకోండి. మామయ్యగారు ఎప్పుడో సెకండ్ హ్యాండ్‌లో కొన్న కంప్యూటర్‌కి అంకెలంటే అంకెలు కావు, అక్షరాలు. నిఘంటువులో మాటలు పేర్చినట్టు ఎడమవైపు నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ పోతుంది. అందుకని దాని లిస్టులో ఒకటి తర్వాత పది, పది తర్వాత నూరు. నూట తొంభై తొమ్మిది అయ్యాక గానీ రెండుకి మోక్షం లేదు.

సాయంత్రం సరిచూసుకోవాలంటే లిస్టూ బట్టల కడ్డీ ఒకే వరసలో ఉండాలి కదా. అందుకే మేమూ దాని తిక్క ప్రకారమే హేంగర్లు తగిలించేవాళ్ళం. మా ఆయనా, మరిదీ ఆ కడ్డీ ముందు నిలబడితే సంతలో తప్పిపోయిన పిల్లల్లా ఉండేవారు. నేను మాత్రం చీటీ చూసీ చూడకముందే బట్టల మీద చెయ్యి వేసేదాన్ని. "పెద్దమ్మాయి కౌంటర్లో లేకపోతే షాపు మూసుకోవడమే" అనేవారు మామయ్యగారు. ఆ ఒక్క మాటతో నాకు కడుపు నిండిపోయేది.

అంతలో మరిదికి పెళ్ళయింది. వచ్చిన పిల్ల తెలివైనది. అందగత్తె కూడా, అయినా దాని గురించి నాకేం పట్టింపు లేదు, జుట్టు ఒత్తుగా ఉంటే ఉండనీ. నెల తిరక్కుండానే కంప్యూటర్ ముందు కూర్చుని, "అక్కా, చిన్న నంబర్లకి ముందు సున్నాలు పెడితే సరిపోతుంది కదా! సున్నా సున్నా రెండు, సున్నా పది, అలాగన్నమాట. అన్నీ మూడంకెలైతే ఇది తికమక పడదు" అంది. సాయంత్రానికల్లా కొత్త చీటీలన్నిటికీ పెట్టేసింది. మర్నాడు మా మరిది ఈల వేసుకుంటూ బట్టలు తీసి ఇచ్చాడు.

మామయ్యగారు ముక్కున వేలేసుకున్నారు. "ఓస్, ఇంతేనా! ఇన్నేళ్ళూ దీనికోసమా కుస్తీ పట్టాం?"

కుస్తీ పట్టింది నేను. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నన్ను కౌంటర్లోంచి ఎవరూ పొమ్మనలేదు కూడా. ఆ పిల్ల వచ్చి కూర్చునేది, నేను లేచేదాన్ని, అంతే. "చిన్నమ్మాయి చూసుకుంటుందిలే, నువ్వు కాస్త విశ్రాంతి తీసుకో తల్లీ" అన్నారు మామయ్యగారు. విశ్రాంతట! ఒళ్ళు మండిపోయింది. వెనకగదిలో ఇస్త్రీ చేస్తూ, అది ఏదో ఒకటి పోగొట్టాలనీ, నలుగురిలో తల దించుకోవాలనీ రోజూ కోరుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. ఎప్పుడో ఇచ్చి మర్చిపోయిన నల్లకోటు కోసం వయొలిన్ మేష్టారు వచ్చారు. సాయంత్రమే కచేరీ. చీటీ మీద ముప్పై ఆరు, సున్నా లేని పాత నంబరు. చిన్నమ్మాయి సున్నా ముప్పై ఐదు పక్కన చూసింది. లేదు. కడ్డీ పొడుగునా అటూ ఇటూ తిరిగింది. మేష్టారు గడియారం చూసుకుంటున్నారు. మామయ్యగారి మొహంలో రంగులు మారుతున్నాయి.

కోటు ఎక్కడుందో నాకు తెలుసు. సున్నా లేని ముప్పై ఆరు ఆ మొద్దు కంప్యూటర్ లెక్కలో మూడుతో మొదలయ్యే మాట. మూడు వందల యాభై తొమ్మిది దాటాక, మూడు వందల అరవైకి ముందు వేలాడుతూ ఉంటుంది. తెలిసీ గుమ్మంలో నిలబడి చూస్తూ ఊరుకున్నాను. అబద్ధం చెప్పడమెందుకు, ప్రాణం లేచొచ్చింది.

"అక్కా, నా వల్ల కావట్లేదు, మీరే రావాలి" అంది, అందరికీ వినపడేలా.

తాపీగా చేతులు తుడుచుకుని వెళ్ళి, కోటు తీసి మేష్టారి చేతిలో పెట్టాను. "బతికించావమ్మా!" అన్నారాయన. "పెద్దమ్మాయి పెద్దమ్మాయే!" అన్నారు మామయ్యగారు. ఏడుస్తోందేమోనని చిన్నమ్మాయి వైపు చూశాను. ఏడవడం లేదు. కూతురికి బహుమతి వస్తే తల్లి చూసినట్టు నన్నే చూస్తోంది.

అప్పుడు తట్టింది నాకు. సున్నాలు పెట్టిన మనిషికి సున్నా లేని నంబరు ఎక్కడికి పోతుందో తెలియదా?

మేష్టారు వెళ్ళాక నిలదీశాను. "ఎక్కడుందో నీకు తెలుసు కదూ?"

తల దించుకుంది. "తెలుసక్కా. పాతవాటిని మొదట మర్చిపోయాను. తర్వాత కావాలనే వదిలేశాను. మీరు ఆ గదిలోనే ఉండిపోతున్నారు, భోజనం కూడా సరిగ్గా చెయ్యట్లేదు. మీకంటూ కొంత ఉండాలి కదా అని..."

చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. తెలివి దానిదే, కుర్చీ దానిదే, ఇప్పుడు మంచితనమూ దానిదే అయిపోయింది. నాకు ఈ కుళ్ళు తప్ప ఏం మిగిల్చింది?

"లే" అన్నాను. లేచింది. కూర్చుని, పాత నంబర్లు ఒక్కొక్కటే తీసి వాటి ముందు సున్నాలు కొట్టడం మొదలుపెట్టాను.

"వద్దక్కా, వాటినలా ఉండనివ్వండి" అని బతిమాలుతూనే ఉంది. నేను ఆపలేదు. ఆఖరిదీ అయిపోయాక ఆ కడ్డీ మీద నాకు మాత్రమే తెలిసిన చోటంటూ ఒక్కటీ లేకుండా పోయింది.

కళ్ళు తుడుచుకుని లేచాను. "ఇక కూర్చో" అన్నాను.