నిండుకుంది

రెండు రోజులుగా ఆ ఇంట్లో భోజనాల దగ్గర కూడా బ్యాంకు గొడవే. పెద్దాయన ప్రభుత్వ అచ్చాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. కార్మిక సంఘంలో చించుకున్న గొంతు ఇప్పటికీ తగ్గలేదు. కొడుకు టైల్స్ దుకాణం పెట్టుకున్నాడు. అతనికి తండ్రి గొంతు వచ్చింది గాని, సిద్ధాంతం రాలేదు. కోడలు ఆ బ్యాంకులోనే క్యాషియరు. ఆమె ఏమనుకుంటోందో ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

"మునిగేదాన్ని మునగనివ్వాలి నాన్నా. నా దుకాణం మునిగితే ఏ మంత్రి వచ్చి తేలుస్తాడు? అడ్డమైనవాళ్ళకీ అప్పులిచ్చారు, అనుభవిస్తారు. మార్కెట్టంటే అదీ."

"నీ మార్కెట్టు తగలెయ్య! లాభాలొచ్చినన్నాళ్ళూ యజమానులు పంచుకు తిన్నారు. నష్టమొచ్చేసరికి మన పన్నుల్లోంచి పూడ్చాలా? ఆ బ్యాంకునే జనం సొత్తు చేసెయ్యమను, లేచి నిలబడి చప్పట్లు కొడతా."

"చేస్తే రెండేళ్ళకి మీ అచ్చాఫీసులాగే తాళం పడుతుంది."

"నోరు ముయ్యరా."

కూర వడ్డిస్తున్న కోడలికి ఒక సంగతి తట్టింది. బ్యాంకు మునిగితే తన భర్త మాట నెగ్గుతుంది. జనం సొత్తయితే మామగారి మాట నెగ్గుతుంది. యజమానులను అలాగే ఉంచి ప్రభుత్వం డబ్బు పోసి నిలబెడితే మాత్రం ఇద్దరూ కలిసి తిడతారు. ఆమెకు ఎలా నిలబెట్టినా ఫరవాలేదు, తలుపులు తెరిచి ఉంటే చాలు. ఆ మాట పైకి అంటే ఇద్దరూ తన మీద పడతారని ఊరుకుంది.

అత్తగారుంటే "ముందు ఎంగిలి చేతులు కడుక్కోండి, లోకాన్ని తర్వాత కడుగుదురు గాని" అనేది. ఆవిడ పోయిన వానాకాలంలో పోయింది. ఆవిడ కూర్చునే కుర్చీ మీద ఇప్పుడు మడత పెట్టాల్సిన బట్టలు ఉంటున్నాయి.

కోడలి భయం సిద్ధాంతాల గురించి కాదు. గోడ అవతల ఉన్న పిన్ని గురించి.

వరసకు పిన్ని కాదు, పిలుపుకు పిన్ని. పక్క గదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది, అక్కడే ఉంటుంది. గోడ పలచన. ఆమె మిషను చప్పుడు ఇక్కడికి, ఇక్కడి వాదనలు అక్కడికి వినబడతాయి. "నిన్న మీవాళ్ళ మీటింగు వింటూ రెండు చొక్కాలు కుట్టేశానమ్మాయ్. ఇంకాసేపు అరిచి ఉంటే గుండీలు కూడా పడేవి" అని నవ్వుతుంది. ఆ గదిని యజమాని అమ్మకానికి పెట్టాడు. నెలాఖరులోగా డబ్బు కడితే పిన్నిది, లేకపోతే ఇంకొకరిది. పిన్ని కూడబెట్టిందంతా ఆ బ్యాంకులోనే ఉంది. వేసిన రోజున ఒక్క మాటే అంది: "నువ్వు కూర్చునే చోటు కదా తల్లీ. ఇంక నాకు భయమేమిటి?"

ఆ మాట ఇప్పుడు కోడలికి మింగుడుపడటం లేదు.

మర్నాడు పొద్దున్నే మేనేజరు అందరినీ లోపలికి పిలిచి గొంతు తగ్గించి చెప్పాడు. "సాయంత్రం వార్తల్లో ప్రభుత్వం ఏదో ఒకటి తేలుస్తుంది. అంతవరకూ ఎవరూ నోరు జారకండి. అడిగినవాళ్ళకి నవ్వుతూ ఇవ్వండి." ఆయన మాత్రం నవ్వలేదు.

ఆమె నవ్వుతూనే ఇచ్చింది. మధ్యాహ్నానికి బుగ్గలు నొప్పి పుట్టాయి. హాలంతా జనం. వీధిలో ఇంకా జనం. వెనకవాళ్ళు నెట్టినప్పుడల్లా అద్దం తలుపు కిర్రుమంటోంది. బయటినుంచి ఎవరో తాళంచెవితో ఆ అద్దం మీద టక్, టక్ మని కొడుతున్నారు. ఆపడం లేదు. హాల్లో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. అరిచే జనాన్ని ఆమె ఇంట్లో రోజూ చూస్తుంది. ఇలా నోరు కట్టేసుకుని తన చేతులకేసి చూసే జనాన్ని ఎన్నడూ చూడలేదు.

వరసలో మొదట ఒక కుర్ర డ్రైవరు. అతని వెనక ఒక ముసలాయన. ఆయన వెనక, చంకలో గుడ్డసంచీతో, పిన్ని.

పిన్నిని చూశాక ఆమెకు కాస్త ఊపిరి వచ్చింది. ఇంకో ఇద్దరు, అంతే. కాని సొరుగులో చెయ్యి పెడితే అడుగు చెక్క తగిలింది.

మేనేజరు వెనక నుంచి వంగి చెవిలో అన్నాడు. "ఖజానాలో కూడా అయిపోయింది. వ్యాను పంపుతామంటున్నారు, ఎప్పుడో తెలీదు. వస్తే వచ్చినట్టు, నమ్మలేం. లేదని చెప్పెయ్యండి."

డ్రైవరు కిటికీ మీదికి వంగాడు. "ఏమంటున్నారు మేడమ్?"

ఆమె నోరు తెరిచింది. లేదు అనాలి. రెండక్షరాలు. కాని కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు డబ్బా తీసి "పంచదార లేదత్తయ్యా" అన్నందుకు అత్తగారు చేతిలో పని ఆపేసింది. "అలా అనకూడదమ్మా. నిండుకుంది అనాలి. లేదు లేదంటే లేకుండానే పోతుంది." అప్పుడు నవ్వొచ్చింది. తర్వాత అలవాటైంది. ఆవిడ పోయాక ఆ మాట ఇంకా గట్టిగా అతుక్కుపోయింది, ఆవిడ విడిచి వెళ్ళిన వస్తువుల్లో రోజూ వాడుకోదగ్గది అదొక్కటే అన్నట్టు.

"నిండుకుంది" అంది.

డ్రైవరు కనుబొమలు ముడిపడ్డాయి. "నిండుకుందా? అంటే?"

ముసలాయన తల ఎత్తాడు. ఆయనకు అర్థమైంది. ఆయన ముఖంలో నెత్తురు దిగిపోవడం ఆమె కళ్ళారా చూసింది. ఆయన నోరు విప్పబోతున్నాడు. విప్పితే ఆ అద్దం తలుపు నిలవదు. తలుపుకూ తన కిటికీకీ మధ్య ఎంత మంది ఉన్నారో చూసే ధైర్యం కూడా ఆమెకు లేకపోయింది.

"అంటే ఏముంది బాబూ, తెలుగు రాదా?" పిన్ని గొంతు హాలంతా ఖంగుమంది. "నిండుగా ఉందంటోంది! ఖజానా నిండుగా ఉందట. పదండి, పదండి. పనులు మానుకుని ఇక్కడ ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకోవడం దేనికి? నేనైతే పోతున్నా. కుట్టాల్సినవి కొండలా పడున్నాయి." అంటూ ఒక చేత్తో ముసలాయన మోచెయ్యి పట్టుకుంది. పట్టుకున్న తీరు చూస్తే ఆయన కదలక తప్పేట్టు లేదు. ఆయన చెవిలో ఏదో అంటూ నడిపించుకుపోయింది.

"నిండుగా ఉందట" అని ఎవరో అన్నారు. "ఫుల్లుగా ఉందంట రా" అని తలుపు దగ్గర ఇంకెవరో అన్నారు. ఆ మాట వీధిలోకి వెళ్ళిపోయింది. తాళంచెవి చప్పుడు ఆగింది. డ్రైవరు క్షణం తటపటాయించి, "సరేలెండి, రేపొస్తా" అని వెనక్కి తిరిగాడు. జనం పలచబడ్డారు. దిద్దుదామని ఆమె రెండుసార్లు లేచింది. రెండుసార్లూ మళ్ళీ కూర్చుంది.

సాయంత్రం మూసేముందు వ్యాను వచ్చింది. తెచ్చింది కొద్ది మొత్తమే. మిగిలి ఉన్న నలుగురికి సరిపోయింది. పిన్ని నిలబడి ఉంటే ముందు ఆమెకే అందేది.

కోడలు ఇంటికి వెళ్ళలేదు. నేరుగా పిన్ని గదికి వెళ్ళింది. పిన్ని మిషను ముందు కూర్చుని ఉంది. మిషను తిరగడం లేదు.

"పిన్నీ, నేను నిండుకుందన్నాను."

"విన్నాను."

"అంటే..."

"మీ అత్తగారి పక్కన ఇన్నేళ్ళు బతికినదాన్ని, నాకు చెబుతావా?" అంది పిన్ని. "పంచదార నిండుకుందంటూ గ్లాసు పట్టుకుని ఎన్నిసార్లు వచ్చేదో. ఏనాడైనా నిండు డబ్బాతో వచ్చిందా?"

"మరెందుకలా చెప్పావు? నీ డబ్బు పిన్నీ! నీ గది!"

"ఆ అద్దం ఎలా వంగుతోందో నువ్వు చూశావో లేదో, నేను చూశాను. నీ ముఖం కూడా చూశాను." పిన్ని సూదిలోకి దారం ఎక్కించబోయింది. దారం పక్కకు పోయింది. మళ్ళీ పోయింది. "అమ్మాయ్, రేపు తెరుస్తారు కదూ?"

బ్యాంకులో ఖంగుమన్న గొంతు ఇది కాదు. కోడలు ఆమె చేతిలోంచి సూది తీసుకుంది. తెరుస్తాం అనాలని ఉంది. మధ్యాహ్నం ఒక మాట ఎంత దూరం పోయిందో చూసింది గనక అనలేకపోయింది.

"తెలీదు పిన్నీ."

పిన్ని తల ఊపింది. ఇద్దరూ గోడకేసి చూశారు. అవతల తండ్రీ కొడుకుల వాదన సాగుతోంది.

"మునగనీ అంటున్నా!"

"లాక్కోమంటున్నా!"

ఉన్నట్టుండి రెండు గొంతులూ ఆగిపోయాయి. వార్తలు మొదలైనట్టున్నాయి. టీవీలో ఎవరో మాట్లాడుతున్నారు, ఒక్క ముక్క అర్థం కావడం లేదు. లేచి వెళ్ళి వినాలని ఇద్దరికీ ఉంది. ఇద్దరూ లేవలేదు. సూది బెజ్జంలో సగం దూరిన దారాన్ని కోడలు అలాగే పట్టుకుని ఉంది. కొడుకు "అలా ఉండాలి!" అంటాడేమోనని చెవులు రిక్కించింది. మామగారి చప్పట్లు వినబడతాయేమోనని చూసింది. ఏదీ లేదు.

తర్వాత కుర్చీ కింద పడ్డ చప్పుడు.

"సిగ్గుండాలి వీళ్ళకి!" మామగారు.

"ఎవడబ్బ సొమ్మని పోస్తున్నారు!" కొడుకు. ఆ వెంటనే, "మీరన్నది నిజమే నాన్నా, దొంగలు!"

పిన్ని బెదిరిపోయి కోడలి మణికట్టు పట్టుకుంది. "ఏమైందే? ఇద్దరూ తిడుతున్నారేమిటి? పోయిందా? మొత్తం పోయిందా?"

నిన్న కూర వడ్డిస్తూ అనుకున్న మాట కోడలికి గుర్తొచ్చింది. గోడ అవతల ఆ ఇద్దరూ, ఆమె కాపురానికి వచ్చాక మొదటిసారి, ఒక్క గొంతుతో తిడుతున్నారు.

"తిట్టనీ పిన్నీ" అంది చివరికి. "ఇంకా తిట్టనీ."

దారం ఎక్కించి ఇవ్వబోయింది. సూది జారి నేల మీద పడింది. అది ఎక్కడ పడిందో ఇద్దరికీ కనబడలేదు.