వేపాకుల కుండలో కల్యాణి

నేను ఒక హార్డ్ డిస్కును. ఈ మాట మీకు సరిగ్గానే వినబడింది కదా? కోటిలింగం గారికి వినబడలేదు. తొమ్మిదేళ్ల కిందట సత్తెనపల్లిలోని పెళ్లి వీడియోల స్టూడియోకి నేను అట్టపెట్టెలో దిగినప్పుడు, అల్లుడు మల్లికార్జున సంబరంగా, "మావయ్యా, హార్డ్ డిస్కు వచ్చింది!" అన్నాడు. ఆయన చెవికి అది ‘హారతి డిస్కు’ అయింది. కర్పూరం బిళ్ల తెచ్చి నా నెత్తిన పెట్టాడు. అగ్గిపుల్ల గీసేలోపు అల్లుడు నన్ను లాక్కున్నాడు గానీ, ఒక కుంకుమబొట్టు మాత్రం పడనే పడింది. పురిట్లోనే దహనం తప్పించుకున్న డిస్కును లోకంలో నేనొక్కణ్నే అయివుంటాను.

నేను పుట్టింది ఎక్కడో సముద్రాల అవతల, దుమ్ము లేని గదిలో. తెల్లముసుగుల మనుషులు నా మీద వెంట్రుకైనా రాలకుండా కాపాడారు. అంత సుకుమారంగా పుట్టి, మిరపఘాటుకు గోడలు కూడా తుమ్మే ఊళ్లో పడ్డాను. నా ఉద్యోగం తిరగడం. నిమిషానికి ఏడువేల రెండువందల చుట్లు. విందులో వడ్డన ఆలస్యమైనా చుట్టాలు అన్ని చుట్లు తిరగరు. తిరుగుతాను గానీ, ఎన్నడూ తిరగబడలేదు.

ఏటా మహర్నవమికి కోటిలింగం గారు కంప్యూటరు డబ్బా విప్పించేవాడు. "లోపలున్నోళ్లని వదిలేసి డబ్బాకి బొట్టు పెడితే ఏం పుణ్యమయ్యా?" అని ఆయన వాదం. నన్ను బయటికి తీసి, పళ్లెంలో పెట్టి, పసుపు పూసి, ప్రతి ఏడూ అదే మూల మరమేకు మీద అదే కుంకుమ. అలా తొమ్మిది నవములు చూశాను.

అయితే వయసు నాకూ వచ్చింది. నేను మేలుకునేలోపు మల్లికార్జున టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చేవాడు. చివరికి మెకానిక్కు మస్తాన్ వలీని పిలిచాడు.

"మల్లన్నా, సాలిడ్ స్టేట్ డిస్కుంది చూడు, అది తిరగదు, అరవదు, నొక్కంగానే తెరుచుకుంటది. కాకపోతే నీ పెళ్లిళ్లన్నీ పట్టేంత పెద్దది కొనాలంటే చానా ఖరీదు. ఈ హార్డ్ డిస్కు ముసలెద్దు. నెమ్మది, కిందపడితే నడుం ఇరుగుద్ది, కానీ ఎంత బరువైనా మోస్తది. హైబ్రిడ్‌ది మధ్యరకం. లోపల ఎద్దే, రోజూ అడిగేవి నాలుగు మటుకు నాలిక చివర పెట్టుకుంటది."

"స్టేటంటే ఏ స్టేటు?" అన్నాడు కోటిలింగం గారు. "మన స్టేటే ఇంకా సాలిడ్‌గా లేదు గందా! ఇంక హైబ్రిడ్డంటావా, మిరప విత్తనాల్లో ఎరగమా? మొదటేడు కాపు చూస్తే కళ్లు తిరుగుతయ్యి. ఆ కాయలో గింజ తీసి మళ్లీ ఏసి చూడు, తల్లి పోలికా రాదు, తండ్రి పోలికా రాదు. దాచుకునేదానికి నాటు గింజే."

"ఇది గింజ కాదు మావయ్యా."

"దాచుకునేదేగా?"

మల్లికార్జున ఎటూ తేల్చుకోలేకపోయాడు. రెండు రోజులు తల గోక్కుని రెండూ కొన్నాడు: పని చేసుకోవడానికి చిన్న సాలిడ్ స్టేట్, నా స్థానంలోకి హైబ్రిడ్. నాలో ఉన్నదంతా హైబ్రిడ్‌లోకి ఎక్కించాక నన్ను మస్తాన్‌కిచ్చేయాలి. మస్తాన్ నన్ను మిర్చి కోల్డ్ స్టోరేజీలో కాపలా కెమెరాల రికార్డు పెట్టెకు బిగిస్తాడు. అక్కడ మొదటి పని నాలో ఉన్నదంతా శుభ్రంగా తుడిచేయడం. అంతా కొత్తదానికి ఎక్కాక పోతే పోనీ అనుకున్నాను. కానీ ఆ ఇంట్లో కొత్త వస్తువుకు పూజ కాందే కరెంటు తగలనివ్వరు. అందుకని నవమినాడు ముగ్గురమూ పళ్లెంలోకి చేరాం. హైబ్రిడ్ నాకు అచ్చు గుద్దినట్టుంది. అదే పొడవు, అదే బరువు. పేర్ల చీటీల మీద మందంగా పసుపు పడేసరికి నేనెవరో నాకే అనుమానమొచ్చింది.

దశమి తెల్లవారగానే మల్లికార్జున పెళ్లి షూటింగుకు వెళ్లాడు. కాసేపటికి రెండు చేతులు నన్నెత్తి, పాతపంచె పేలికలో చుట్టి, ఎండు వేపాకుల మధ్యకు దించాయి. పైన మూత పడింది. అది అటక మీది విత్తనాల కుండ. పక్కన దోసగింజలు, కింద మిరపగింజలు. నేను పంటనా, పెంటనా? నన్ను నాటుతారా, నీళ్లు పోస్తారా?

అయోమయం అక్కడితో ఆగలేదు. కింద మాటలు వినబడుతూనే ఉన్నాయి. పాత డిస్కు కోసం మస్తాన్ వచ్చాడు. మల్లికార్జున భార్య పున్నమ్మ పళ్లెంలో పెద్ద డిస్కు ఒక్కటే ఉండడం చూసి, "ఆయన పొద్దున్నే అంతా ఎక్కించి కొత్తది డబ్బాలో పెట్టేసినట్టుంది. ఇదే పాతది, తీసుకెళ్లు తమ్ముడూ" అని ఇచ్చి పంపింది.

సాయంత్రం మల్లికార్జున ఇంటికి రావడమూ, కాసిం సాయిబు గారు కూతురు గౌసియాను వెంటబెట్టుకు రావడమూ ఒకేసారి జరిగాయి. ఆయన పేరున్న నాదస్వర విద్వాంసుడు. ముందుపళ్లు రాలిపోయాక ఊదలేకపోతున్నాడు. ఇప్పుడు గౌసియా వాయిస్తోంది.

"నాయనా మల్లికార్జునా, తొమ్మిదేళ్ల కింద వాగు పొంగి మగపెళ్లివారి బస్సు ఆగిపోయింది, గుర్తుందా? ముహూర్తందాకా గంటన్నర కల్యాణి వాయించా. అట్టా మళ్లీ నాకు కుదర్లేదు. కార్తీక పున్నమికి గుళ్లో అమ్మాయి వాయించాల. నోటితో పాడి చెబుదామంటే, పళ్లు లేని నోట్లో గాలి తప్ప రాగం రావట్లా. ఆనాటి వీడియో నీ దగ్గరుంటే అమ్మాయికి వినిపించు."

మల్లికార్జున తయారుచేసిచ్చిన పెళ్లి సినిమాలో ఆ కల్యాణి లేదు. దాని మీద సినిమా పాటలు అతికించాడు. ఎడిటింగులో కోయకముందున్న అసలు ముక్క నాలో ఒక్కడిలోనే ఉంది. "ఒక్క నిమిషం కూర్చోండి" అంటూ డబ్బా విప్పాడు. ఖాళీ. పళ్లెం చూశాడు. చిన్నది తప్ప ఏమీ లేదు.

"పాతది మస్తాన్‌కిచ్చా. కొత్తది మీరు పెట్టలేదా?" అంది పున్నమ్మ.

ఫోను చేశాడు. "మధ్యాన్నమే తుడిచేసి బిగించా అన్నా! మిర్చి బస్తాలు బెమ్మాండంగా పడతన్నయ్!"

ఫోను బల్లమీద పెట్టిన చప్పుడైంది. తర్వాత మల్లికార్జున గొంతు, "సాయిబు గారూ, మీ వాయిద్యాన్ని బస్తాలకింద తొక్కేశాను. క్షమించమనడానిక్కూడా మొహం చెల్లట్లా" అంటూ అటకదాకా వచ్చింది. గౌసియా వెక్కిళ్లు వినబడ్డాయి. నేను ఇక్కడే ఉన్నానర్రా, మీ నెత్తిమీదే ఉన్నాను! కానీ కరెంటు లేని డిస్కుకు నోరేది? అందరూ కలిసి నాకు కర్మ చేసేస్తున్నారు. మరి కోల్డ్ స్టోరేజీలో ఉన్నది నేనైతే కుండలో ఉన్నదెవరు?

అప్పుడు గుమ్మంలో కోటిలింగం గారి చెప్పుల చప్పుడైంది. పొద్దుననగా ఫోను గూట్లోనే మరిచి, మిరపచేనుకు తెగులొచ్చిందని పల్లెకు పోయాడట.

"ఏందయ్యా, పండగపూట ఆ మొహాలు?"

చెప్పారు. ఆయన నింపాదిగా కాళ్లు కడుక్కుని, నిచ్చెనెక్కి, కుండ దించి, వేపాకులు దులిపి నన్ను బల్లమీద పెట్టాడు.

"దాచుకునేది నాటుదేనని చెప్పాగా. కాపు చేతికందకముందే విత్తనం ఎవడికన్నా ఇస్తామా? అందుకే తీసి దాచా. మస్తాన్ పట్టుకుపొయ్యింది మీ హైబ్రిడ్డు."

"రెండూ ఒకేరకంగా ఉన్నయ్యి గదా మావయ్యా, ఇదే పాతదని ఎట్టా తెలిసింది?"

"ఈ మూల మర చూడు. గాడిలో కుంకుమ రాయల్లే గట్టిపడింది. తొమ్మిదేళ్లనుంచి పెట్టేది నేనేగా! కొత్తదానికి నిన్నటి తడిబొట్టు ఒక్కటే."

పున్నమ్మ నవ్వింది, మల్లికార్జున ఏడ్చాడు, కాసేపటికి ఇద్దరూ పనులు మార్చుకున్నారు. పరుగున వచ్చిన మస్తాన్, సరికొత్త డిస్కును మిర్చి బస్తాలకు కాపలా పెట్టానని తెలిసి లెంపలేసుకున్నాడు. నా మీది పసుపు దులిపి డబ్బాలో బిగించాడు. "పనికి సాలిడ్ స్టేటు, దాపుకి ఈ ముసలెద్దు. కానీ అన్నా, ఒక్క కుండలోనే ఇత్తనం పెట్టమాక. ఇంకోదాన్లో కూడా ఎక్కించు" అన్నాడు. కోటిలింగం గారు మొదటిసారి మస్తాన్ మాటకు తల ఊపాడు.

నేను మెల్లగా తిరగడం మొదలుపెట్టాను. తొమ్మిదేళ్లుగా ఎవరూ అడగనిది వెతికి పైకి తెచ్చాను. కల్యాణి గదంతా పరుచుకుంది. కాసిం గారి వేళ్లు మోకాలి మీద లేని నాదస్వరాన్ని వాయిస్తున్నాయి. ఒకచోట ఆ వేళ్లు టక్కున ఆగాయి. ఆయన బోసినోటితో నవ్వాడు.

"ఇక్కడ తడబడ్డా బేటీ. ఇదొక్కటి మటుకు నేర్చుకోమాకు."

పాపం, తొమ్మిదేళ్లు ఆ తడబాటును కూడా అంతే భద్రంగా దాచాను.