నాగయ్య ఫోను ఎత్తలేదు

నూరీన్ మళ్ళీ అదే నంబరు నొక్కి, ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, పొయ్యి మీది చాయ్ దించింది. ఫోను మోగీ మోగీ ఆగిపోయింది. మందమర్రి నాగయ్య ఇవాళ కూడా ఎత్తలేదు.

విమానాలు బాగా తిరిగే రోజుల్లో ఆమె శంషాబాద్‌లో ప్రయాణికుల సామాను తూచి, బోర్డింగ్ పాసులు ఇచ్చేది. కరోనాతో విమానాలు నేల మీద నిలబడిపోయాక కంపెనీ ఎవరినీ తీసేయలేదు. జీతాలు తగ్గించింది, చాలామందిని ఇంటికి పంపింది, బీమా మాత్రం ఆపలేదు. ఇంటికి పోయినవాళ్ళ బాగోగులు ఫోనులో కనుక్కునే పని కొందరికి అప్పజెప్పింది. అట్లా కరీంనగర్‌లో అత్తగారింటి వంటగది నూరీన్‌కు ఆఫీసయింది. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఉన్న లోడర్లు, డ్రైవర్లు, క్లీనర్లు ఆమె వంతు. మొదట్లో ముక్తసరిగా మాట్లాడినవాళ్ళే పోనుపోను ఆమె ఫోను కోసం ఎదురుచూడసాగారు.

ఇప్పుడు విమానాలు ఒక్కొక్కటిగా లేస్తున్నాయి. మనుషులను మళ్ళీ పిలిచి, వైద్య పరీక్ష చేసి పనిలోకి తీసుకుంటున్నారు. పిలుపుకు పలకనివాళ్ళు తమంతట తామే మానుకున్నట్టు లెక్క. హైదరాబాద్‌లోని పైఅధికారి వంశీధర్‌రావు నాగయ్య పేరు కొట్టేస్తానన్నాడు. సాయంత్రం దాకా ఆగమని, తానే పోయి చూసొస్తానని చెప్పి నూరీన్ చాయ్ తాగకుండానే బస్టాండుకు బయల్దేరింది.

మంచిర్యాలలో బస్సు దిగి, ఆటో పట్టుకుని మందమర్రి చేరేసరికి ఎండ ముదిరింది. గని కార్మికుల పాత కాలనీలో నాగయ్య గుమ్మం ముందు కూర్చుని పారకు కొత్త కర్ర చెక్కుతున్నాడు. భారీ మనిషి. ఏళ్ళ తరబడి పెట్టెలు మోసిన భుజాలు గట్టిపడి ముందుకు వంగిపోయాయి. నూరీన్ వెనకనుంచి పిలిచింది. దగ్గరికి పోయి మళ్ళీ పిలిచింది. ఆయన చెయ్యి ఆగలేదు. ఆమె నీడ కర్ర మీద పడ్డాక తలెత్తాడు.

భార్య కనకవ్వ కుర్చీ తెచ్చి వేసింది. అడిగినవాటికన్నిటికీ ఆమే జవాబు చెబుతోంది. నాగయ్య కళ్ళు నూరీన్ మాస్కు మీదే ఉన్నాయి. నూరీన్‌కు మెల్లగా అర్థమైంది. కుర్చీ వెనక్కి జరుపుకుని మాస్కు దించింది.

"ఫోన్ల మాట వినవడ్తలేదా కాకా?"

ఆయన ఆమె పెదాలు చూసి తలూపాడు. గొంతు అవసరానికి మించి పెంచి తన సంగతంతా చెప్పుకొచ్చాడు. తండ్రి బొగ్గుబావిలో పనిచేశాడు. తనకు ఆ కొలువు రాలేదు. పట్నం పోయి, విమానం పొట్టలో మోకాళ్ళ మీద పాకుతూ పెట్టెలు సర్దే పనిలో కుదిరాడు. కొన్నేళ్ళకు తన గుంపుకు పెద్ద అయ్యాడు. ఇంజన్ల హోరులో చెవులు ఎప్పుడు పోయాయో తెలియదు. అక్కడ సగం పని చేతి సైగలతోనే నడుస్తుంది, మిగతాది పెదాలు చూసి పోల్చుకునేవాడు. లోకమంతా మూతికి గుడ్డ కట్టుకున్నాక గానీ తనకు ఏమీ వినబడటం లేదని తేలలేదు.

"పరీక్ష పెడ్తె ఫేలైత బిడ్డా. తీసేసిండ్రు అనిపించుకునుడు కంటె రాలే అనిపించుకునుడే నయమనుకున్న."

కనకవ్వ గుండె మందులు కంపెనీ బీమా మీదే నడుస్తున్నాయని నూరీన్‌కు తెలుసు. ఆయన తన పెదాలు చదువుకునేటట్టు ఒక్కొక్క మాటే చెప్పింది.

"పరీక్షకు రా కాకా. ఫేలైతె కానియ్. పనిల చెవులు పోయినయని డాక్టర్ చెప్పాలె. గప్పుడు నువ్వు మానుకున్నట్టు గాదు. కంపెనీయే నిన్ను చూసుకోవాలె."

ఓడిపోవడానికి అంతదూరం పోవడం ఆయనకు నచ్చలేదు. పార కర్రను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. కనకవ్వ లోపలికి పోయి, ఇస్త్రీ చొక్కా తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

ఆ సాయంత్రమే కరీంనగర్ ఆసుపత్రిలో ఆయనను అద్దాల గదిలో కూర్చోబెట్టారు. శబ్దం వినబడగానే చెయ్యెత్తాలి. నూరీన్ అద్దం ఇవతల నిలబడి చూసింది. సైగలతో బండ్లను నడిపించిన ఆ పెద్ద చేతులు తొడల మీద అట్లాగే ఉండిపోయాయి.

డాక్టర్ రాసిచ్చింది నూరీన్ చదివి వినిపించి, బీమా సాగించమని అడిగితే వంశీధర్‌రావు ఫోనులో నసిగాడు. ఇట్లా ఇంతవరకు ఎవరికీ చేయలేదనీ, పైవాళ్ళను అడగాలనీ అన్నాడు.

"అడగండ్రి సార్. నేను లైన్లనే ఉంట," అంది నూరీన్.

ఉంది. అటువైపు తలుపులు మూసుకోవడం, ఎవరో వాదించుకోవడం వింటూ ఆసుపత్రి మెట్ల మీద నిలబడే ఉంది. చివరికి ఆయన లైనులోకి వచ్చాడు. ఉద్యోగం ఇవాళ్టితో సరి. కానీ లోపం పని వల్లనే వచ్చిందని ఒప్పుకున్నారు. మొగుడూపెళ్ళాలకు బీమా సాగుతుంది.

బస్టాండులో నూరీన్ ఆ కబురు చెబుతుంటే నాగయ్య ఆమె పెదాలనుంచి చూపు తిప్పలేదు. అంతా అర్థమయ్యాక సంచీ తెరిచి, గుర్తింపు కార్డు, మడతపెట్టిన నారింజ రంగు కోటు తీసి బల్ల మీద పెట్టాడు. చివరగా ఇంజన్ల హోరు తగలకుండా చెవులకు పెట్టుకునే పసుపుపచ్చ డిప్పలు తీశాడు.

"గివి సుత కంపెనీవే. పెట్టుకుంటె ఎనుకనుంచి మా గుంపు పోరగాండ్లు పిలిస్తె వినవడదని పెట్టలే."

మంచిర్యాల బస్సు వచ్చింది. ఆయన ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. పిలిచినా వినబడదని, బస్సు మలుపు తిరిగేదాకా నూరీన్ చెయ్యి ఊపుతూనే ఉంది.

బల్ల మీద పసుపుపచ్చ డిప్పలు మిగిలాయి. లోపలి మెత్త ఇంకా నలగలేదు, దాని పల్చటి ప్లాస్టిక్ తొడుగు కూడా ఊడలేదు.