అయినవాళ్లు బయట

1999 జూలైలో, మునీంద్ర పనిచేసే పరిశోధన సంస్థలో పాలకమండలి సమావేశం. ఉరుము మేఘాలను కొలిచే రాడార్‌ను జర్మనీ విశ్వవిద్యాలయంతో కలిసి అతను చాలా ఏళ్లుగా నడుపుతున్నాడు. ఒప్పందం గడువు తీరింది. మండలి సరేనంటే పని సాగుతుంది. లేకపోతే రాడార్ వాళ్ల దేశానికి తిరిగి వెళ్లిపోతుంది.

మండలిలో కొత్తగా చేరిన ఆదినారాయణప్ప, మునీంద్ర భార్య నేత్రావతికి పెదనాన్న. ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. ఆ ఉదయం బెంగళూరు యలహంకలో మునీంద్ర ఇంట్లోనే టిఫిన్‌కు కూర్చున్నాడు.

“మనోళ్లు లోపల ఉండారు. ఇంకేం దిగులు?” అంది మునీంద్ర తల్లి సొన్నమ్మ, ఇడ్లీ వడ్డిస్తూ.

“నేను లోపల ఉండనమ్మా. అల్లుడి విషయం వస్తే లేసి బయటికి పోవాల. అయినోళ్లు మాట్లాడకూడదని రూలు.”

“పెండ్లి మాటలకు అయినోళ్లు లేకుంటే గడప తొక్కరు. మీ సభలో అయినోళ్లనే తరుముతారా? బాగుండాది అన్నా.”

ఆయన నవ్వాడు. మునీంద్ర నవ్వలేదు. మండలిలో మేఘాల సంగతి తెలిసినవాడు ఆయనొక్కడే. మునీంద్రకు ఆ గదిలోకి ప్రవేశం లేదు. అతని తరఫున డైరెక్టరే చెప్పాలి. నేత్రావతి చట్నీ గిన్నె పెదనాన్న వైపు జరిపింది.

సాయంత్రం మునీంద్ర, ఆదినారాయణప్ప ఒకే ఆటోలో వచ్చారు.

“వద్దనేసినారు,” అన్నాడు మునీంద్ర, చెప్పులు విడుస్తూ.

సొన్నమ్మ ఆదినారాయణప్పను ఒకసారి చూసింది. ఇద్దరి కాళ్లకూ నీళ్లిచ్చింది.

భోజనాల దగ్గర ఆయనే మొదలుపెట్టాడు. “మన వాన లెక్కలన్నీ వాళ్ల కంప్యూటర్లకు పోతే మనకేం మిగులుతాదని ఒకాయన అడిగినాడంట. డైరెక్టరు చూసి చెప్తానన్నాడంట. అంతే, తీసి పక్కన పెట్టినారు.”

“లెక్కలు మన దగ్గరే ఉంటాయి మామా. వాళ్లకు పోయేది నకలు. మనం ఒప్పుకోకుండా వాళ్లు ఒక్క పేజీ కూడా అచ్చేయకూడదు. ఒప్పందంలోనే ఉండాది.”

“నాకు తెలుసప్పా.”

మునీంద్ర ఆగలేదు. రాడార్‌ను విప్పి మళ్లీ బిగించడం ఇక్కడి విద్యార్థులకు వచ్చేసిందని చెప్పాడు. ఇంకో రెండు వానకాలాలు చూస్తే వడగళ్లను ముందే పసిగట్టవచ్చని చెప్పాడు. గొంతు పెరగలేదు, తగ్గలేదు. మండలి ఎదుట డైరెక్టరు చెప్పవలసినదంతా వరుసగా చెప్పాడు. ఆదినారాయణప్ప ప్రతి మాటకూ తలాడిస్తూ విన్నాడు. కంచంలో చేయి ఎండిపోయింది.

నేత్రావతి మజ్జిగ చెంబుతో నిలబడింది. ఎవరికి ముందు పోయాలో ఆమెకు తోచలేదు.