ఎర్ర స్ప్రింగులు

బాపట్ల జనార్దనరావు గారికి ముప్పై ఏళ్ల నాటి లారీ ఒకటి ఉంది. ఆ లారీ గురించి సలహాలిచ్చేవాళ్లు ఆయన ఫోనులో నాలుగు వందల మంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరి చేతికైనా గ్రీజు అంటిన దాఖలా లేదు. తెనాలిలో షెడ్డు నడిపే నాగుల్ మీరా మాత్రం ఆ ఇంజనును అప్పటికి మూడుసార్లు విప్పి బిగించాడు.

నాలుగోసారి విప్పితే, వాల్వుల్ని ఆడించే క్యామ్ షాఫ్టు అరిగిపోయి ఉంది.

"క్యామ్‌తో పాటు దాని మీద ఆనే ట్యాపెట్లు కూడా కొత్తవే వేయాలండి. పాతవి ఉంచితే కొత్త క్యామ్‌ని తినేస్తయ్. వాల్వు స్ప్రింగులు మాత్రం కొలిచి చూశా, బాగానే ఉన్నయ్" అన్నాడు.

రావుగారు జాలిగా నవ్వి, సంచీలోంచి డబ్బా తీశారు. అందులో నిగనిగలాడే ఎర్ర స్ప్రింగులున్నాయి.

"రేసు బండ్లవి. గ్రూపులో అందరూ ఇవే వేయమంటున్నారు. పవర్ పెరుగుతుందంట."

"మన బండి వడ్ల బస్తాలు మోసేదండి. పైగా వీటి తీగ లావు. వాల్వు తెరుచుకున్నప్పుడల్లా చుట్టకి చుట్ట తగులుద్ది. కింద నుంచి నెట్టే పుష్ రాడ్డుకి దారి లేక వంగిపోద్ది."

"నువ్వు ఏ కాలేజీలో చదివావు మీరా?"

మీరా క్యామ్, ట్యాపెట్లు మార్చి, ఎర్ర స్ప్రింగులే బిగించాడు.

బస్తాలతో రేపల్లె బయలుదేరిన లారీ భట్టిప్రోలు దగ్గర టకటకమని మొరాయించింది. మీరా మోటారుసైకిలు మీద వెళ్లి పైమూత విప్పాడు. రెండు రాడ్లు కొడవళ్లలా వంగి ఉన్నాయి. రావుగారు అప్పటికే ఫొటో పంపి, జవాబు తెప్పించుకుని కూర్చున్నారు.

"రాడ్లు నాసిరకమంట. లావువి వేయమంటున్నారు."

మీరాకు కోపం రాలేదు. నీరసం వచ్చింది. లావు రాడ్లు వేస్తే ఈసారి ఇంకేదో విరుగుతుంది. ఇంటికి వెళ్లి భార్య హసీనాతో చెప్పుకున్నాడు. ఆమె ఫోనులో కుట్టుపని పాఠాల వీడియోలు తీసి పెడుతుంటుంది.

"మీరు చెబితే ఆయన వినడండి. ఫోను చెబితే వింటాడు" అంది.

మర్నాడు షెడ్డులో మీరా చేతులు మాత్రమే కనబడేలా వీడియో తీసింది. ఆ చేతులు పాత స్ప్రింగును కొలిచాయి, ఎర్రది ఎక్కడ ఇరుక్కుంటుందో నొక్కి చూపించాయి. మాటలు హసీనావి. 'ఇంజన్ గురు' అని పేరు పెట్టి వదిలింది.

రెండు రోజులకు రావుగారు ఫోను ఎత్తి పట్టుకుని మరీ వచ్చారు.

"ఇది చూడు మీరా. స్ప్రింగులు కంపెనీ కొలతకే ఉండాలంట. ఇన్నేళ్ల నుంచి చేస్తున్నావు, ఈ మాత్రం తెలీదా?"

"ఇప్పుడు తెలిసిందండి."

పాత స్ప్రింగులు, కొత్త రాడ్లు వేశాడు. లారీ చడీచప్పుడు లేకుండా రేపల్లెలో బస్తాలు దించి వచ్చింది. రావుగారు సంతోషంగా షెడ్డులో కూర్చుని ఆ వీడియో మళ్లీ పెట్టుకున్నారు.

"ఆ చేతుల పనితనం చూశావా? తెనాలి మొత్తం వెతికినా ఇట్టాంటి మేస్త్రి దొరకడు. ఈయన అడ్రసు దొరికితే వచ్చేసారి బండి ఆయనకే ఇస్తా."

మీరా పాతగుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "కనుక్కుంటానండి" అన్నాడు.